బాపు ఎడమచేతి ముడి

మా గల్లీలో ఎవరికైనా దయ్యం పట్టిందని అంటే, ఆ మనిషి పొద్దున ఏమైనా తిన్నదా లేదా అని ముందు అడిగేదాన్ని నేను. తాయెత్తులు కట్టుకునేవాళ్ళను వద్దనను, ఎవరి ఇష్టం వాళ్ళది. నాకు మాత్రం వాటితో ఎప్పుడూ పని పడలేదు. అమావాస్య నాడు ఒంటరిగా నడిచి ఇంటికి వచ్చాను, శ్మశానం పక్క వాటాలో అద్దెకున్నాను, కంటినిండా నిద్రపోయాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను కూడా ఆ బాపతు మనిషి కింద జమకట్టేస్తారేమోనని.

ఇది డెబ్బైల చివర్లో జరిగింది. అప్పుడు మేం ముగ్గురం హైదరాబాదు సంతోష్‌నగర్‌లో ఉండేవాళ్ళం. నాన్నను మేం బాపు అనేవాళ్ళం; బాపు, నేను, నా తమ్ముడు నర్సింగ్. అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా మాటలు కూడా సరిగా రాలేదు. వాణ్ణి చంకనేసుకుని తిరిగింది, బడికి తోలింది, పరీక్ష తప్పితే వీపు చిట్లగొట్టింది నేనే. కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబులో వాడికి ఫిట్టరు ఉద్యోగం వచ్చిన రోజు నేను ఏడ్చినంత ఏడుపు మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

మాది షామియానాల పని. లాడ్ బజార్ వెనక గల్లీలో నవాబుల కాలం నాటి దేవిడీ, పెద్ద భవంతి, ఒకటి ఉండేది. సగం కూలిపోయింది. కూలని సగంలో ఉన్న పొడవాటి హాలును బాపు అద్దెకు తీసుకున్నాడు. షామియానాలు పరిచి కొలుచుకోవడానికి, కుట్టుకోవడానికి అంత చోటు ఇంకెక్కడా దొరకదు. ఆ హాలుకు ఒకటే తలుపు. కిటికీలకు దగ్గర దగ్గరగా ఇనుప ఊచలు. తాళంచెవి ఒకటే, అది నా కొంగుముడిలో ఉండేది.

బాపు బతుకంతా గుడ్డకు గాలి పట్టకుండా చూడడమే. షామియానాకు గాలి ఎటు నుంచి వస్తుందో చూసి అటువైపు తెరలు ఎత్తి కట్టేవాడు, గాలి దూరి బయటికి పోవాలని. ఒకసారి ఒక పెళ్ళిలో ఈదురుగాలి లేచింది. గుంజను పట్టుకుని నిలబడ్డ మా బాపును గుంజతో సహా పైకి లేపి గోడకేసి కొట్టింది. కుడి భుజం విరిగింది. అతుక్కుంది గానీ, ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు.

అప్పటి నుంచి ముడులన్నీ ఎడమ చేత్తో వేసేవాడు. అందుకని ఆయన ముడి అందరి ముడికి తిరగబడి ఉండేది. మూడు చుట్లు తిప్పి, కొసను కిందినుంచి వెనక్కి దోపేవాడు. చూడగానే ఇది ఫలానా వాళ్ళ ముడి అని బజారులో అందరూ చెప్పేవాళ్ళు. మేం గుడ్డలు కట్టడానికి వాడేవి ఎర్ర నాడాలు, వేలంత వెడల్పు నూలు పట్టీలు. వాటి కొసలు పీచు లేవకుండా నేను నీలం దారంతో కుట్టు వేసేదాన్ని. ఎర్ర నాడాకు నీలం కుట్టు ఏంది పిల్లా అని నవ్వేవాళ్ళు. నా ఇష్టం అనేదాన్ని.

ఇక నర్సింగ్ సంగతి. వాళ్ళ ల్యాబులో ఒక పెద్ద సారు ఉండేవాడు, అంతకుముందు నేవీలో పనిచేసి వచ్చాడు. ఆదివారం ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపేవాడు. పడవలో ఏదో ఇనుప ముక్క విరిగితే బాగుచేయడానికి మావాడు వెళ్ళాడు. అంతే, ఇక ఇంటికి రావడం మరిచిపోయాడు. ఆదివారం మటన్ వండి పెట్టుకుని నేను కూర్చునేదాన్ని, వాడు చీకటి పడ్డాక చేతులు బొబ్బలెక్కి, మొహం వెలిగిపోతూ వచ్చేవాడు.

సారుకు విశాఖపట్నంలో ఇంకో పడవ ఉండేది. లోపల వండుకోవడానికి, పడుకోవడానికి చోటున్న పడవ. తుఫానుల కాలం అయిపోయి చలిగాలి మొదలైతే, ఆ గాలి ఉత్తరం నుంచి కిందికి వీస్తుందట. దాన్ని వీపున వేసుకుని తీరం వెంట మద్రాసు దాకా పోవాలని ఆయన కోరిక. తోడు ఒకరు కావాలి. మా నర్సింగ్ ఒప్పుకుని వచ్చాడు, సెలవు కూడా పెట్టి వచ్చాడు. ఆ తర్వాత మాకు చెప్పాడు.

బాపు వద్దన్నాడు. ఒక పూట అన్నం మానేశాడు. నేను వారం రోజులు లొల్లి చేశాను. వాడు అన్నీ విని, తలకాయ వంచుకుని, "నాకు పోవాలనున్నది అక్కా" అన్నాడు. చిన్నప్పటి నుంచి వాడు నన్ను ఏదీ అడగలేదు. వాడి బట్టలు నేనే సర్దాను.

వెనకగాలికి వాడే తెరచాప ఒకటి వేరే ఉంటుంది. పడవ కంటే పెద్దది, గాలి నింపుకుంటే ముందుకు ఉబ్బి బుంగలాగా అవుతుంది. మావాడు దాన్ని బెలూన్ అనేవాడు. పారాచూట్ గుడ్డతో చేసింది, మల్లెపూవంత తేలిక. చిరిగితే సారు దాన్ని హైదరాబాదుకు తెప్పించాడు. అంత గుడ్డ పరచడానికి చోటు మా దగ్గరే ఉంది కాబట్టి నర్సింగ్ దాన్ని మా హాలుకు తెచ్చాడు. చిరుగు నేనే కుట్టాను. ఆ గుడ్డ మిషను కింద నిలవదు, జారిపోతుంది, దాన్ని తిట్టుకుంటూ కుట్టాను.

కుట్టడం ఒక ఎత్తు, మడవడం ఒక ఎత్తు. నర్సింగ్ మా ఇద్దరికీ దగ్గరుండి చూపించాడు. దానికి మూడు మూలలు. పైమూల పట్టుకుని, రెండు అంచుల వెంట చేతులు జరుపుకుంటూ కిందిదాకా రావాలి, ఎక్కడా మెలిక పడలేదని చూసుకోవడానికి. తర్వాత గుడ్డను దగ్గరికి పోగుచేసి పొడవాటి చుట్టలాగా చేయాలి. బారెడుకొకచోట ఊలు దారం కట్టాలి. ఆఖరికి మూడు మూలలూ పైకి కనిపించేటట్టు సంచిలో పెట్టాలి.

ఊలు దారం అనేసరికి బాపు మొహం మారిపోయింది.

"గది ఆగుతదారా? చిన్నపోరడు గుంజినా తెగుతది."

"తెగాల్నే బాపూ. చుట్ట లెక్కనే పైకి లేపుతం. లేపినంక కిందికెళ్ళి తాడు గుంజుతే ఊలు పట్ పట్ తెగుకుంట పోతది, తెరచాప పూవు లెక్క ఇచ్చుకుంటది."

"తెగకపోతే?"

"గదే ముప్పు. సగం ఇచ్చుకోని సగం బిగుసుకుంటదనుకో, పడవను పక్కకు పడగొడ్తది. అందుకే గట్టి దారం కట్టరు."

బాపు ఊలు ఉండను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. నర్సింగ్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. మడత పని మా ఇద్దరి మీద పెట్టాడు.

ఆ సాయంత్రం మడత అయ్యాక బాపు నన్ను తలుపు వేయమన్నాడు. మూలనున్న ఎర్ర నాడాలు తీశాడు. చుట్ట మీద బారెడుకొకటి బిగించి కట్టాడు, తన ముడితో. దాని మీద గుడ్డ అంచు ఒకటి మడిచి కప్పి, పైన కనిపించేటట్టు ఊలు కట్టాడు. పైనుంచి చూస్తే అంతా ఊలే.

నాకు అర్థమై ఒళ్ళు మండింది. గట్టిది కట్టొద్దని వాడు అంత స్పష్టంగా చెప్పాడు కదా అన్నాను.

"సగం గట్టిగ కడితే సగం ఇచ్చుకుంటది. మొత్తం గట్టిగ కడితే అస్సలే ఇచ్చుకోదు. ఇచ్చుకోకపోతే పక్కన పడేసి చిన్న తెరచాపతోని మెల్లగ పోతరు. నా భుజాన్ని అడుగు, గాలి పట్టిన గుడ్డ ఏం చేస్తదో."

ఆయన చెప్పిందే నిజమేమో, విప్పుకోకపోతే పిల్లవాడు క్షేమంగా వస్తాడేమో అని నాకూ ఒక ఆశ పుట్టింది. ఏది సరైందో నాకు తెలియలేదు. తాళం వేసుకుని ఇద్దరం ఇంటికి వచ్చాం.

మర్నాడు పొద్దున తాళం తీసింది నేనే. చుట్ట ఉన్నచోటే ఉంది, ఊలు దారాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కానీ గోడ పక్కన ఎర్ర నాడాలు వరసగా పరిచి ఉన్నాయి. షామియానా కట్టేముందు మేం నాడాలు ఎట్లా సాపు చేసి పరుచుకుంటామో అట్లాగే.

బాపు నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

"నువ్వే ఇప్పినవ్."

"నేనెందుకు ఇప్పుత బాపూ? రాత్రంతా నీ పక్కగదిలనే పండుకున్న."

"తాళంచెవి నీ కొంగునే ఉన్నది."

అది నిజమే. ఆయన జాగాలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని. నేను ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. తమ్ముడి మాట నెగ్గించడానికి నేనే వచ్చి ఊలు విప్పి, నాడాలు తీసి, మళ్ళీ ఊలు కట్టానని ఆయన లెక్క. చుట్ట విప్పి మళ్ళీ నాడాలు కట్టాడు, పైన కొత్త ఊలు కట్టాడు. ఈసారి తాళంచెవి తన బనీను జేబులో వేసుకున్నాడు.

మర్నాడు మళ్ళీ అదే. నాడాలు గోడ పక్కన వరసగా ఉన్నాయి. ఊలు ఒక్కటి కూడా తెగలేదు.

నేను వంగి ఊలు ముడులు ఒక్కొక్కటీ చూశాను. అవి బాపు వేసిన ముడులే, ఎడమ చేతివే. నేను గానీ ఇంకెవరైనా గానీ విప్పి మళ్ళీ కట్టి ఉంటే మామూలు ముడి పడాలి. ఊలు విప్పకుండా దాని కింద ఉన్న నాడాను ఎట్లా తీస్తారు? గట్టిగా లాగితే ఊలు తెగిపోతుంది. అది అందుకే కట్టింది కదా.

అప్పుడు నా అనుమానం బాపు మీదికి మళ్ళింది. ప్రయాణం ఆపడానికి ఈయనే ఏదో ఆట ఆడుతున్నాడని అనుకున్నాను. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన కోప్పడలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ మొహం చూశాక ఇది ఆయన పని కాదని నాకు తెలిసిపోయింది.

దేవిడీ చౌకీదారు జానీ భాయ్‌ని అడిగాను. ముసలాయన, గేటు దగ్గరే మంచం వేసుకుని ఉండేవాడు. ఎవరూ రాలేదన్నాడు. "ఫికర్ నక్కో కరో ఆపా, యహాఁ బిల్లీ భీ మేరే కో పూఛ్‌కే ఆతీ" అని నవ్వాడు, ఇక్కడికి పిల్లి వచ్చినా తనను అడిగే వస్తుందట. ఎలుకలేమోనని హాలంతా వెతికాను. ఎలుక నాడాను కొరుకుతుంది, ముడి విప్పి సాపు చేసి పెట్టదు.

ఆ రోజే నర్సింగ్ ప్రయాణం. సాయంత్రం రైలు. వాడు డ్యూటీ అయ్యాక సంచి తీసుకోవడానికి హాలుకు వస్తానన్నాడు.

మధ్యాహ్నం బాపు మూడోసారి కట్టాడు. నేను వద్దనలేదు. తలుపు లోపలినుంచి గొళ్ళెం పెట్టి, కిటికీ రెక్కలు మూసేసి, చుట్టకు ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాం. పట్టపగలు. రెక్కల సందుల్లోంచి ఎండ చారలుగా నేలమీద పడుతోంది. బయట గాజుల దుకాణాల బేరాలు, రిక్షా గంటలు అన్నీ వినిపిస్తున్నాయి. ఇద్దరం దాని మీదినుంచి చూపు తిప్పలేదు.

చాలాసేపు ఏమీ కాలేదు. నాకు నవ్వు కూడా వచ్చింది, ఇద్దరం గుడ్డకు కాపలా కూర్చున్నామని.

ముందు చప్పుడు వచ్చింది. పారాచూట్ గుడ్డ కదిలితే సరసరమని ఒక చప్పుడు వస్తుంది, కుట్టినదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. ఆ చప్పుడు బాపు వైపు నుంచి, పైమూల నుంచి మొదలైంది. చుట్ట ఆ చివర నేల మీదినుంచి లేచింది. ఎవరో కింద చెయ్యి పెట్టి నడుము ఎత్తుకు లేపినట్టు మెల్లగా లేచి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దిగింది. గాలి లేదు. నా మొహం మీద చెమట కారుతోంది.

తర్వాత గుడ్డ మడతలోంచి ఎర్ర నాడా కొస బయటికి వచ్చింది. లంగా బొందు లాగినట్టు అది మెల్లగా, ఆగకుండా వచ్చింది. మొత్తం వచ్చాక నేల మీద పడింది. దాని మీద కట్టిన ఊలు మాత్రం కదల్లేదు. ఆ తర్వాత రెండో నాడా కొస కనిపించింది.

నా జన్మలో నేను భయపడింది అదే, ఒప్పుకుంటున్నాను.

బాపు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు చుట్టను చూడడం లేదు, దాని పక్కన మనిషి ఎత్తులో ఖాళీగా ఉన్న చోటును చూస్తున్నాయి. అక్కడ నాకేమీ కనిపించలేదు. ఆయనకు కనిపించిందా అని తర్వాత ఎన్నోసార్లు అడిగాను, ఎప్పుడూ చెప్పలేదు. ఎవరో ఇంటి పెద్దతో మాట్లాడినట్టు చేతులు కట్టుకుని మాట్లాడాడు.

"మంచిది. ఇగ నేను నాడాలు కట్టను. నువ్వన్నట్లనే కానీ. గానీ నా కొడుకును మళ్ల నా ఇంటికి తెచ్చియ్యాలె."

రెండో నాడా సగం బయటికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

మిగిలిన నాడాలు బాపే ఊలు తెంపి తీశాడు. చుట్ట కదలకుండా నేను పట్టుకున్నాను. అంతా కొత్తగా ఊలు కట్టి, మూడు మూలలు పైకి పెట్టి సంచిలో దించాం. నర్సింగ్ వచ్చి చూసి, మస్తు కట్టిన్రు అని మెచ్చుకున్నాడు. మేం ఏమీ చెప్పలేదు. రైలు ఎక్కబోయేవాడికి ఏమని చెబుతాం? వాడు సంచి భుజాన వేసుకుని రిక్షా ఎక్కాడు. గల్లీ మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూసి చెయ్యి ఊపాడు. నాకు కళ్ళు కనిపించలేదు.

ఆ నాడాలను నేను ఇంటికి తెచ్చుకున్నాను. వాటిని మళ్ళీ షామియానాకు కట్టబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. నా రేకు పెట్టెలో చీరల అడుగున పెట్టి తాళం వేశాను. ఆ పెట్టె తాళంచెవి నా మెడలో గొలుసుకు ఉండేది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

విశాఖపట్నంలో పడవ ఎక్కుతున్నానని నర్సింగ్ కార్డు రాశాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్పారు. ఈ కాలంలో రాకూడదట, వచ్చింది. బాపు హాలుకు పోవడం మానలేదు గానీ పని చేసేవాడు కాదు. ఆ చుట్ట ఉన్నచోట చాప వేసుకుని కూర్చునేవాడు. నేను సముద్రం పేరెత్తితే లేచి పోయేవాడు. రోడ్డు మీద సైకిలు బెల్లు మోగితే టెలిగ్రామేమోనని గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. ఎంత మొండిదాన్నయినా, తాయెత్తు కట్టేవాడు ఎదురుపడితే కట్టించుకునేదాన్నేమో ఆ రోజుల్లో.

ఆ మధ్యలో ఒకరోజు, సాయంత్రం కావొస్తుండగా, బాపు ఎడమ చేతి వేళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాడు. మండుతున్నాయి, నూనె రాయి అన్నాడు. ఏం పని చేశావంటే ఏమీ చేయలేదు, నిద్ర పట్టింది, లేచేసరికి ఇట్లా ఉంది అన్నాడు. వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. దీన్ని కూడా రాస్తున్నాను గానీ, దేనికీ అంటగట్టడం నాకు ఇష్టం లేదు. వయసు మీదపడ్డ చేతులు, ఏదైనా కావొచ్చు.

నర్సింగ్ వచ్చాడు. నల్లగా మాడిపోయి, బక్కచిక్కి, సంచి మోసుకుని పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డాడు. నేను కొట్టాను వాణ్ణి. కొట్టి, పట్టుకుని ఏడ్చాను. బాపు వాడి తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

తెరచాప ఉప్పునీళ్ళలో తడిసింది, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే పాడవుతుందని సారు దాన్ని సంచితో సహా వాడి చేతే మా హాలుకు పంపాడు. ముగ్గురం అక్కడికి వెళ్ళాం. దారిలో కొంత, హాలులో కూర్చుని కొంత, వాడు జరిగింది చెప్పాడు.

నెల్లూరు తీరం దాటాక, పగలే, బెలూన్ ఎగరేసి పోతున్నారట. ఊలు చక్కగా తెగిందట, పూవు విచ్చుకున్నట్టు విచ్చుకుందట. ఉన్నట్టుండి గాలి రెట్టింపైంది. వెంటనే దించాలి. సారు చుక్కాని వదలడానికి లేదు. నర్సింగ్ ఒక్కడే ముందుకు పాకుతూ పోయి ఒక మూల వదిలి, గుడ్డను లాగడం మొదలుపెట్టాడు. సగం నీళ్ళలో పడింది. చేతుల తోలు ఊడేదాకా లాగి, పడవ ముందున్న చిన్న తలుపులోంచి లోపలికి కుక్కాడు.

ఆ తలుపు గడియ విరిగిపోయింది. గాలి లోపలికి దూరి గుడ్డ మళ్ళీ ఉబ్బి బయటికి తన్నుకొస్తోంది. అది మొత్తం బయటపడితే పడవను అలలకు అడ్డంగా తిప్పేస్తుంది. వాడు దాని మీద పడుకున్నాడు. వాడి కిందినుంచి కూడా వస్తోందట. ఇంతలో వెనకనుంచి సారు అరిచాడు, పెద్ద తెరచాప తాడు తెగిందని. వెళ్ళక తప్పదు.

"ఇడిసిపెట్టి పోయిన అక్కా. ఇగ అయిపోయింది అనుకున్న. నువ్వే యాదికొచ్చినవ్. గానీ అది మళ్ల బయటికి రాలే. చాన సేపైనంక పోయి చూస్తే లోపట సప్పుడు లేకుండ పడున్నది. నీళ్ల బరువేమో అనుకున్న. లోపట చీకటి, నాకు సోయి లేదు. గట్లనే సంచిల దోపిన."

సంచి మూతి విప్పింది వాడే. లోపల ఉన్నదాన్ని నేల మీదికి దించాడు. కుక్కిన గుడ్డ అడ్డదిడ్డంగా ఉండాలి కదా. అది చుట్టలాగా ఉంది. దాని మీద బారెడుకొకచోట ఎర్ర నాడా కట్టి ఉంది.

"ఇవెక్కడియి?" అన్నాడు నర్సింగ్. "నేను కట్టలే. పడవల అసలు నాడాలే లెవ్వు."

నేను వంగి చూశాను. కొసలకు నీలం దారం కుట్టు ఉంది. మూడు చుట్లు, కొస కిందినుంచి వెనక్కి దోపి ఉంది, ఎడమకు తిరిగి. ఆ ముడి నర్సింగ్‌కు రాదు. బాపు ఎన్నిసార్లు నేర్పబోయినా వాడు నేర్చుకోలేదు. సారు దాన్ని ఎప్పుడూ చూడనే లేదు.

నేను బయటికి వచ్చి రిక్షా ఎక్కి ఇంటికి వెళ్ళాను. పెట్టె తాళం వేసినట్టే ఉంది. తీశాను. చీరలు నేను మడత పెట్టినట్టే ఉన్నాయి. వాటి అడుగున నాడాలు లేవు. చీరలన్నీ దులిపి, పెట్టె తలకిందులు చేశాను. లేవు.

తిరిగి హాలుకు వచ్చేసరికి బాపు ఆ చుట్ట ముందు కూర్చుని ముడుల మీద వేళ్ళతో తడుముతున్నాడు. నన్ను చూసి, "నా ముడే బిడ్డా" అన్నాడు. అప్పుడు నర్సింగ్‌కు అంతా చెప్పాం. వాడు కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ హాలు తలుపు అవతలకు వెళ్ళి నిలబడ్డాడు. బాపు ఒక్కడే ఎడమ చేత్తో ఆ ముడులన్నీ విప్పాడు. విప్పినవి విప్పినట్టు గోడ పక్కన వరసగా పరిచాడు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు తలా ఒకటి చెప్పారు. మీ అమ్మే కాపాడింది అని మా మేనత్త అంది. అమ్మ ఉన్నప్పుడు మేం ఆ దేవిడీ గడప కూడా తొక్కలేదు, అక్కడికి అమ్మ ఎందుకు వస్తుంది? జానీ భాయ్ ఇంకేదో చెప్పాడు. బాపే ఏదో చేసి ఉంటాడని ఒక చదువుకున్నాయన అన్నాడు. చేసి ఉండొచ్చు. కానీ ఎట్లా చేశాడో ఆ చదువుకున్నాయన నాకు చెప్పలేకపోయాడు. నేనూ ఎన్నో రకాలుగా ఆలోచించాను. తాళాన్ని మారు తాళంచెవితో తీశారనుకున్నా, ఆ ముడి ఎవరు వేశారు? ముడి ఎవరో నేర్చుకున్నారనుకున్నా, నాడా నడిసముద్రంలో సంచిలోకి ఎట్లా చేరింది? ఒకటి కుదిరితే ఇంకొకటి కుదరదు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. కానీ ఇదివరకులాగా గట్టిగా నవ్వను.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. నర్సింగ్ రిటైరయ్యాడు, మళ్ళీ సముద్రం మీదికి పోలేదు. ఆ నాడాల్లో ఒకటి నా దగ్గర దాచుకున్నాను. ఆ రోజు హాలులో దాన్ని చేతికి తీసుకుంటే బిరుసుగా, కర్రలాగా ఉంది. నాలుక మీద పెట్టుకుని చూశాను. ఉప్పగా ఉంది. సముద్రాన్ని బాపు చూడకుండానే పోయాడు, నేనూ ఇప్పటిదాకా చూడలేదు. మా ఇంట్లో తాళం వేసిన పెట్టెలోంచి ఈ నాడా అక్కడిదాకా పోయి, నా తమ్ముణ్ణి నాకు తెచ్చిచ్చింది. ఎట్లా పోయిందో నాకు తెలియదు.